చమురు తవ్వేదెవరు, లెక్క చూసేదెవరు?

కాకినాడ నుంచి కోనసీమ వైపు తీరం వెంట దిగుతుంటే, సముద్రగర్భం నుంచి పైపుల్లో వచ్చే గ్యాస్‌నూ చమురునూ ఒడ్డుకు చేర్చుకునే కేంద్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. గాడిమొగలోది రిలయన్స్ కంపెనీది. అదే తాళ్లరేవు మండలంలో మల్లవరం దగ్గర ఉన్నదాన్ని గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ కట్టింది, తర్వాత అది కేంద్ర ప్రభుత్వ సంస్థ ఓఎన్‌జీసీ చేతికి వచ్చింది. ఎస్.యానాం కేంద్రం రవ్వ క్షేత్రానిది. ఆ క్షేత్రాన్ని ఓఎన్‌జీసీ కనిపెట్టింది, నడిపే పని మాత్రం ప్రైవేటు కంపెనీల కూటమికి వెళ్లింది. ఓడలరేవులోది ఓఎన్‌జీసీ సొంతం. కేంద్ర ప్రభుత్వ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు కంపెనీ, అందరూ కలిసిన కూటమి: మన దేశంలో చమురు తవ్వకానికి ఎన్ని పద్ధతులున్నాయో అన్నీ ఈ ఒక్క తీరం మీదే పరీక్షకు నిలిచాయి. తవ్వకం ప్రభుత్వమే చేయాలా, ప్రైవేటుకు వదిలేయాలా అన్న వాదన ఎప్పుడు లేచినా ప్రభుత్వమంటే అసమర్థత అని ఒక పక్షం, ప్రైవేటంటే దోపిడీ అని మరో పక్షం తేల్చేస్తాయి. కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్‌లో జరిగినదాన్ని నిదానంగా చూస్తే ఆ రెండు తీర్పులూ నిలబడవు.

సొత్తు ఎవరిదన్న విషయంలో మాత్రం సందేహం లేదు. సముద్ర జలాల కింద ఉన్న ఖనిజ సంపద అంతా కేంద్ర ప్రభుత్వానిదని రాజ్యాంగంలోని 297వ అధికరణం చెబుతోంది. కేజీ బేసిన్ గ్యాస్ మీద అంబానీ సోదరుల కంపెనీల మధ్య నడిచిన కేసులో 2010 మే నెలలో సుప్రీంకోర్టు దీన్నే మరింత స్పష్టం చేసింది. గ్యాస్ ప్రజలదనీ, ప్రభుత్వం వారి తరఫున దాన్ని కాపాడే ధర్మకర్త అనీ, కంపెనీల కుటుంబ ఒప్పందాలు దాని ధరనూ పంపిణీనీ నిర్ణయించలేవనీ తేల్చింది. అందువల్ల మిగిలిన ప్రశ్న ఒక్కటే. ప్రజల సొత్తును బయటికి తీసే పని ఎవరికి అప్పగిస్తే ప్రజలకు న్యాయం జరుగుతుంది? ప్రభుత్వం ఆ పనిలో స్వయంగా ఉండి తీరాలన్నది నా వాదన. ప్రభుత్వ సంస్థలు నిజాయితీగా ఉంటాయనో, లాభం పాపమనో ఈ మాట అనడం లేదు. తవ్వడం తెలియని యజమాని తన సొత్తుకు లెక్క అడగలేడు కాబట్టి అంటున్నాను.

ముందుగా తవ్వకం అంటే ఏమిటో చూడాలి. సముద్రంలో బావి తవ్వే రిగ్గును ఓఎన్‌జీసీ అయినా రిలయన్స్ అయినా చాలావరకు అద్దెకే తెచ్చుకుంటుంది. బావి లోపలి పొరల కొలతలు తీయడం, సిమెంటు పోయడం వంటి పనులు ష్లంబర్జర్, హాలిబర్టన్ లాంటి సర్వీసు కంపెనీలు ఇద్దరికీ చేస్తాయి. కాబట్టి రిగ్గు మీద నిలబడి పనిచేసే మనిషి ఎవరి జీతగాడన్నది పెద్ద తేడా కాదు. తేడా మరో నాలుగు చోట్ల ఉంది. ఎక్కడ తవ్వాలో ఎవరు నిర్ణయిస్తారు? బావి ఎండిపోతే నష్టం ఎవరు భరిస్తారు? భూగర్భం గురించి తెలిసిన సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది? ఖర్చు ఎంతయిందని ఎవరు రాస్తారు? ఈ నాలుగింటిలో చివరి రెండూ బయటికి కనిపించవు, చర్చల్లోకీ రావు. వేల కోట్లు చేతులు మారేది మాత్రం అక్కడే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ప్రభుత్వం ఈ రంగంలోకి దిగడానికి కారణం కూడా సమాచారమే. అప్పట్లో దేశంలో చమురు వ్యాపారం బర్మా షెల్, స్టాన్‌వాక్, కాల్టెక్స్ అనే మూడు విదేశీ కంపెనీల చేతిలో ఉండేది. పశ్చిమాసియాలో వాటికి చవకగా దొరికే చమురు పుష్కలంగా ఉంది. దాన్ని ఇక్కడికి తెచ్చి అమ్ముకోవడమే వాటికి లాభం. ఇక్కడ కొత్తగా వెతకాల్సిన తొందర వాటికి లేదు. అస్సాం అవతల చెప్పుకోదగ్గ చమురు లేదన్న అభిప్రాయం అలా స్థిరపడిపోయింది. కేంద్రమంత్రి కేశవ్ దేవ్ మాలవీయ దాన్ని నమ్మలేదు. సోవియట్ నిపుణులను రప్పించి, 1956 ఆగస్టులో చమురు సహజవాయు కమిషన్‌ను, అంటే ఇప్పటి ఓఎన్‌జీసీని, నిలబెట్టారు. 1958లో ఖంభాత్‌లో, 1960లో అంకలేశ్వర్‌లో చమురు పడింది. 1974లో సాగర్ సమ్రాట్ అనే రిగ్గు అరేబియా సముద్రంలో బాంబే హై క్షేత్రాన్ని బయటపెట్టింది. ఆ విదేశీ కంపెనీలు అబద్ధం చెప్పాయనడానికి నా దగ్గర ఆధారం లేదు, అలా అనాల్సిన పనీ లేదు. వాటి లెక్కలో ఈ దేశపు భూగర్భం ముఖ్యం కాదు, అంతే. వెతకడం వల్ల లాభం లేనివాడు వెతకడు. వెతకకపోతే ఏముందో తెలియదు.

గోదావరి డెల్టాలో నరసాపురం, రాజోలు ప్రాంతాల్లో తొలి బావులు తవ్వినదీ ఓఎన్‌జీసీయే. 1987లో అది సముద్రంలో రవ్వ క్షేత్రాన్ని కనిపెట్టింది. 1991 ఆర్థిక సంక్షోభం తర్వాత ప్రభుత్వ ఖజానా వట్టిపోయినప్పుడు, కనిపెట్టిన క్షేత్రాలనే ప్రైవేటు భాగస్వాములకు ఇవ్వడం మొదలైంది. 1994లో రవ్వ ఒప్పందం కుదిరింది. ఓఎన్‌జీసీకి 40 శాతం వాటా మిగిలింది, నిర్వహణ మాత్రం చేజారింది. రవ్వ బాగానే నడిచింది. రోజుకు 50 వేల పీపాల స్థాయిని చేరి చాలాకాలం నిలిచింది. కానీ అన్వేషణలో ఉండే అసలు ప్రమాదాన్ని అప్పటికే ప్రజాధనం భరించింది. బావి ఎండుతుందేమోనన్న భయం తీరిపోయిన తర్వాత క్షేత్రాన్ని అప్పగించడానికీ, ఏమీ తెలియని సముద్రంలోకి ఒక కంపెనీని రమ్మనడానికీ చాలా తేడా ఉంది. ప్రైవేటు పెట్టుబడికి ఎంత ప్రతిఫలం న్యాయమో ఈ తేడాను బట్టే కట్టాలి.

రెండో పద్ధతికి పెద్ద ఉదాహరణ కేజీ డీ6. కొత్త అన్వేషణ లైసెన్సు విధానం కింద మొదటి వేలంలో రిలయన్స్, కెనడా కంపెనీ నైకో కలిసి 2000లో ఈ బ్లాకును దక్కించుకున్నాయి. 2002లో గ్యాస్ కనిపెట్టాయి. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. లోతు సముద్రంలో కనిపెట్టిన దగ్గర నుంచి గ్యాస్ ఒడ్డుకు చేరేదాకా ఏడేళ్లు పట్టడం ఏ దేశంలోనైనా మెచ్చుకోదగ్గ వేగం. ఈ సాహసం చేసినందుకు ఆ కంపెనీకి రావాల్సిన గౌరవం ఇవ్వాలి. 2010లో ఉత్పత్తి రోజుకు దాదాపు 7 కోట్ల ఘనపు మీటర్లకు చేరింది. లక్ష్యం 8 కోట్లు. ఈ గ్యాస్‌ను నమ్ముకుని రాజమండ్రి, వేమగిరి, జేగురుపాడు ప్రాంతాల్లో విద్యుత్ కేంద్రాలు లేచాయి. గౌతమి, కోనసీమ ప్లాంట్లు వచ్చాయి. బ్యాంకులు వేల కోట్లు అప్పులిచ్చాయి.

ఆ తర్వాత ఉత్పత్తి ఎక్కినంత వేగంగానే దిగింది. 2013 కల్లా 2 కోట్ల ఘనపు మీటర్ల లోపుకు పడిపోయి, ఇంకా తగ్గుతూ వచ్చింది. ప్రధాన క్షేత్రాల్లో 10 లక్షల కోట్ల ఘనపు అడుగులుందని వేసిన నిల్వల అంచనా మూడో వంతు దగ్గరకు కుదించుకుపోయింది. గ్యాస్ లేక మన విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. కొన్ని కట్టడం పూర్తయ్యాక కూడా సరిగా నడిచిన రోజు లేదు. భూగర్భం అనుకున్నట్టు లేదని, నీరు, ఇసుక చేరి బావులు మూతపడ్డాయని కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదు కాబట్టే ఉత్పత్తి పడిందని ప్రభుత్వం వాదించింది. 200 కోట్ల డాలర్లకు పైగా ఖర్చును గుర్తించేది లేదంది. వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్లి ఏళ్ల తరబడి సాగింది. ఎవరి మాట నిజం? సముద్రమట్టానికి కిలోమీటర్ల లోతున ఉన్న రాతిపొరల గురించిన ప్రశ్న ఇది. జవాబు చెప్పడానికి కావలసిన కొలతలన్నీ తీసింది ఒక పక్షమే. పొలం కౌలుకిచ్చిన ఆసామికి సేద్యం తెలియకపోతే పంట ఎంత పండిందో, ఎందుకు తగ్గిందో కౌలుదారు చెప్పిందే లెక్క. కౌలుదారు నిజాయితీపరుడే కావచ్చు. అయినా ఆసామికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ఒప్పందంలో రాసుకున్న లెక్క ఈ చిక్కును మరింత ముదర్చింది. ఉత్పత్తిలో వాటా ఒప్పందం ప్రకారం కంపెనీ ముందుగా తన పెట్టుబడిని అమ్మకాల డబ్బులోంచి తీసుకుంటుంది. మిగిలిన లాభాన్ని ప్రభుత్వంతో పంచుకుంటుంది. పెట్టుబడి మీద ఎన్ని రెట్లు తిరిగొచ్చిందన్న దాన్ని బట్టి ప్రభుత్వ వాటా పెరుగుతుంది. తొలి మెట్ల మీద ప్రభుత్వానికి దక్కేది చిన్న భాగం. పెద్ద వాటా పై మెట్టు ఎక్కాకే. అంటే పెట్టుబడి ఎంత పెద్దదిగా కనిపిస్తే ప్రభుత్వం పై మెట్టు ఎక్కడం అంత ఆలస్యం. 2004 నాటి ప్రణాళిక ప్రకారం రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల ఉత్పత్తికి సుమారు 240 కోట్ల డాలర్లు చాలు. 2006లో లక్ష్యం 8 కోట్లకు పెరిగింది, ఖర్చు సుమారు 880 కోట్ల డాలర్లయింది. ఉత్పత్తి రెట్టింపు, ఖర్చు మూడున్నర రెట్లకు పైన. ఆ రోజుల్లో ప్రపంచమంతటా రిగ్గుల అద్దెలు, ఉక్కు ధరలు పెరిగిన మాట నిజం. ఆ పెరుగుదలలో ఎంత మార్కెట్టుది, ఎంత ఒప్పందం చూపిన ఆశది అన్నది తేల్చడం మాత్రం ప్రభుత్వానికి సాధ్యం కాలేదు. ఇలాంటి ఒప్పందం ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీకి తగిన కారణం ఇవ్వదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2011 నివేదికలో రాసింది. నిబంధనల ప్రకారం దశలవారీగా వదిలేయాల్సిన బ్లాకు విస్తీర్ణం మొత్తాన్నీ కంపెనీ చేతిలోనే ఉంచిన సంగతినీ తప్పుపట్టింది.

ప్రభుత్వం తవ్వకంలో ఉండాల్సిన అవసరాన్ని అన్నిటికన్నా గట్టిగా చూపే ఘటన ఈ బ్లాకు సరిహద్దు మీదే జరిగింది. డీ6 పక్కనే ఓఎన్‌జీసీ బ్లాకులున్నాయి. తన వైపు నుంచి గ్యాస్ పక్క బ్లాకు బావుల్లోకి వెళ్తోందని ఓఎన్‌జీసీ 2013లో తవ్వకాలను పర్యవేక్షించే హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్‌కు రాసింది, మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. రెండు పక్షాలూ ఒప్పుకుని పెట్టుకున్న అమెరికా సంస్థ డీగాల్యర్ అండ్ మెక్‌నాటన్ 2015 నవంబరులో నివేదిక ఇచ్చింది. క్షేత్రాలు భూగర్భంలో కలిసే ఉన్నాయనీ, సుమారు 1,112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ ఇటు నుంచి అటు వెళ్లిందనీ లెక్కగట్టింది. ప్రభుత్వం వేసిన జస్టిస్ ఎ.పి.షా కమిటీ ఆ గ్యాస్ విలువ ప్రభుత్వానికి చెందాలంది. ప్రభుత్వం 155 కోట్ల డాలర్లు అడిగింది. తన బ్లాకులో తన బావుల్లోంచి వచ్చిన గ్యాస్‌ను తీసుకునే హక్కు ఒప్పందం ఇచ్చిందన్నది రిలయన్స్ వాదన. 2018లో మధ్యవర్తుల్లో ఇద్దరు ఆ వాదనను ఒప్పుకున్నారు, ఒకరు విభేదించారు. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం ఆ తీర్పును కొట్టేసింది. చట్టం చివరికి ఏం చెప్పినా నేను చూస్తున్నది వేరే సంగతి. పక్క బ్లాకు కూడా ప్రైవేటుదే అయితే ఇద్దరు వ్యాపారులు తమలో తాము సర్దుకుని ఉండవచ్చు. అది ఖాళీగా ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు. ప్రజల భూగర్భ శాస్త్రవేత్తలు తమ కొలతలు తాము తీసుకుంటూ పక్కనే ఉండబట్టి ప్రశ్న పుట్టింది.

ప్రభుత్వం తవ్వితే చాలు, అంతా బాగుంటుందా అని అడిగేవారికి మల్లవరం చూపించాలి. 2005లో గుజరాత్ ముఖ్యమంత్రిగా ఉన్న నరేంద్ర మోదీ, తమ రాష్ట్ర సంస్థ జీఎస్‌పీసీకి కేజీ బేసిన్‌లో 20 లక్షల కోట్ల ఘనపు అడుగుల గ్యాస్ దొరికిందని ప్రకటించారు. దేశంలో అప్పటిదాకా అంత పెద్ద నిక్షేపం లేదు. ఆ బ్లాకుకు దీన్‌దయాళ్ అని పేరు పెట్టారు. క్షేత్రాభివృద్ధి ప్రణాళిక వచ్చేసరికి అంచనా పదో వంతు దగ్గరకు వచ్చింది. విపరీతమైన ఒత్తిడి, వేడి ఉన్న పొరలవి. గట్టి రాయి గ్యాస్‌ను సులువుగా వదలలేదు. వాణిజ్యస్థాయి ఉత్పత్తి కలగానే మిగిలింది. 2015 నాటికి జీఎస్‌పీసీ నెత్తిన దాదాపు 20 వేల కోట్ల రూపాయల అప్పుంది. 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ సుమారు 7,700 కోట్లకు కొంది. ఒక ప్రభుత్వ సంస్థ అంచనా తప్పితే ఆ భారం మరో ప్రభుత్వ సంస్థ మీద పడింది, అంటే ప్రజల మీదే పడింది. ఇక్కడ బ్లాకును నడిపింది లాభాపేక్ష ఉన్న ప్రైవేటు యజమాని కాదు. అయినా భూగర్భం గురించి అతిశయమైన మాట బయటికి వచ్చింది, ఏళ్ల తరబడి నిలిచింది. గనక అతిశయం ప్రైవేటు జబ్బు మాత్రమే కాదు. చెప్పేవాడి అంచనాను సరిచూసే స్వతంత్రమైన చెయ్యి లేనప్పుడు ఎవరైనా అతిశయిస్తారు. ప్రభుత్వం చెబితే ప్రశ్నించేవారు ఇంకా తక్కువ.

ఓఎన్‌జీసీ మీద ఉన్న ఫిర్యాదు ఇంకొకటి, బలమైనది: ఆలస్యం. డీ6 పక్కన దానికి ఉన్న 98/2 బ్లాకును అది 2005లో కెయిర్న్ అనే ప్రైవేటు కంపెనీ నుంచి కొంది. 34 వేల కోట్ల రూపాయల అభివృద్ధి ప్రణాళిక 2016లో తయారైంది. 2020కి రావాల్సిన చమురు 2024 జనవరి 7న వచ్చింది. అదే కాలంలో రిలయన్స్, బ్రిటిష్ కంపెనీ బీపీ కలిసి డీ6లో మూడు కొత్త క్షేత్రాలు తెరిచాయి. 2020 చివర మొదలైన మొదటిది సముద్రంలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున ఉంది. ఆ మూడూ కలిసి దేశ గ్యాస్ ఉత్పత్తిలో దాదాపు 30 శాతం ఇచ్చే స్థాయికి చేరాయి. రాజస్థాన్ ఎడారిలో షెల్ ఆశ వదులుకున్న బ్లాకును తీసుకుని, 2004లో మంగళ క్షేత్రాన్ని కనిపెట్టిందీ ఆ కెయిర్నే. ఇవి కాదనలేని నిజాలు. తవ్వకమంతా ప్రభుత్వం చేతిలోనే ఉండాలన్న వాదన వీటి ముందు నిలవదు, నేనూ ఆ వాదన చేయను. కొత్త కళ్లతో చూసేవాళ్లు, నష్టపోవడానికి సిద్ధపడేవాళ్లు ఈ రంగానికి కావాలి.

కానీ ఓఎన్‌జీసీ ఎందుకు నెమ్మదించిందో అడగకుండా ఆ ఫిర్యాదును ముగించకూడదు. డీజిల్, వంటగ్యాస్ ధరలు తగ్గించి అమ్మినన్నాళ్లూ ఆ నష్టంలో పెద్ద భాగాన్ని కేంద్రం ఓఎన్‌జీసీ మీద వేసింది. 2013-14 ఒక్క ఏడాదిలో అది భరించిన భారం 56 వేల కోట్లకు పైన. అంటే 98/2 బ్లాకు మొత్తం అభివృద్ధికి కావలసినదానికన్నా ఎక్కువ సొమ్ము ఒక్క ఏడాదిలో వెళ్లిపోయింది. 2018 జనవరిలో, ప్రభుత్వ ఖజానా లోటు పూడ్చడానికి, హిందుస్థాన్ పెట్రోలియంలో కేంద్రానికి ఉన్న వాటాను ఓఎన్‌జీసీ చేత 36,915 కోట్లకు కొనిపించారు. నిన్నటిదాకా అప్పులేని సంస్థ అప్పు చేయాల్సి వచ్చింది. జీఎస్‌పీసీ బ్లాకు కొనుగోలు అంతకు కొద్ది నెలల ముందే. బావులు తవ్వాల్సిన డబ్బు ఇలా దారి మళ్లితే ఏ సంస్థ వేగంగా నడుస్తుంది? ఇతర దేశాల అనుభవమూ ఇదే. మెక్సికో 1938లో విదేశీ కంపెనీలను జాతీయం చేసి ప్రభుత్వ చమురు సంస్థ పెమెక్స్‌ను పెట్టింది. దశాబ్దాల పాటు ఆ సంస్థ ఆదాయాన్ని ఖజానా పిండుకుంది, పెమెక్స్ అప్పుల్లో మునిగింది, ఉత్పత్తి పడిపోయింది. వెనిజులాలో 2002-03 సమ్మె తర్వాత ప్రభుత్వ చమురు సంస్థ నుంచి సుమారు 18 వేల మందిని తీసేశారు. పని తెలిసినవాళ్లు పోయారు, మిగిలిన సొమ్ము రాజకీయ అవసరాలకు పోయింది. ప్రపంచంలోకెల్లా ఎక్కువ నిల్వలున్న దేశంలో 2020 నాటికి రోజు ఉత్పత్తి 5 లక్షల పీపాల లోపుకు దిగజారింది. అమెరికా ఆంక్షలు కూడా తోడయ్యాయి, కానీ పతనం అంతకు ముందే మొదలైంది. ఈ రెండు దేశాలూ ప్రభుత్వం తవ్వకూడదని నిరూపించలేదు. తవ్వే సంస్థను కొల్లగొడితే ఏమవుతుందో చూపించాయి.

నార్వే ఏం చేసిందో ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1969 చివర ఉత్తర సముద్రంలో ఎకోఫిస్క్ క్షేత్రాన్ని అమెరికా కంపెనీ ఫిలిప్స్ కనిపెట్టేనాటికి ఆ దేశానికి చమురు గురించి దాదాపు ఏమీ తెలియదు. ఇరాక్ నుంచి వచ్చిన ఫారూక్ అల్ కాసిమ్ అనే భూగర్భ శాస్త్రవేత్తను మంత్రిత్వశాఖలో చేర్చుకుని, ఆయన సలహాతో విధానం రూపొందించారు. 1972లో పార్లమెంటు ఒకేసారి రెండు సంస్థలను సృష్టించింది. ఒకటి తవ్వకం, వ్యాపారం చేసే స్టాటాయిల్. రెండోది అన్ని కంపెనీలనూ, స్టాటాయిల్‌తో సహా, పర్యవేక్షించే డైరెక్టరేట్. విదేశీ కంపెనీలను వెళ్లగొట్టలేదు. 1974లో మొబిల్ నిర్వహణలో కనిపెట్టిన స్టాట్‌ఫ్యోర్డ్ క్షేత్రంలో సగం వాటా స్టాటాయిల్‌కు దక్కింది. క్షేత్రాన్ని మొబిల్ నడుపుతుండగా స్టాటాయిల్ పని నేర్చుకుంది, 1987లో నిర్వహణ బాధ్యతే తీసుకుంది. ఆ సంస్థ మరీ బలిసి ప్రభుత్వాన్నే శాసించే పరిస్థితి రాబోతోందని అనిపించినప్పుడు, 1985లో దాని వాటాల్లో పెద్ద భాగాన్ని నేరుగా ప్రభుత్వం పేరు మీదికి మార్చారు. చమురు లాభాల మీద మొత్తం పన్ను 78 శాతం. అయినా కంపెనీలు పారిపోలేదు. ఎందుకంటే నిబంధనలు స్థిరంగా ఉన్నాయి, వెతికి విఫలమైన ఖర్చును పన్ను లెక్కలో మినహాయిస్తారు. వచ్చిన సొమ్ముతో ఏర్పడిన నిధి విలువ ఇప్పుడు 1.5 లక్షల కోట్ల డాలర్లను దాటింది. చిన్న, ధనిక దేశంతో పోలిక ఏమిటని అడగవచ్చు. జనాభా పోలిక నిజంగానే కుదరదు. కానీ 1972లో నార్వేకు మనకన్నా ఎక్కువ చమురు అనుభవం లేదు. ఆ సంవత్సరానికి ఓఎన్‌జీసీ వయసు 16 ఏళ్లు.

ఎండిపోయే బావుల మీద ప్రజాధనం పోయడం జూదం కాదా అన్నది మరో అభ్యంతరం. సగటు పాఠకుడికి ఇదే అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. ఏమీ తెలియని కొత్త సముద్రంలో ఆ మాట నిజమే. అక్కడ ప్రైవేటు కంపెనీ తన డబ్బుతో వెతికి ఏమీ దొరకకపోతే ఆ నష్టాన్ని అదే మోస్తుంది. అందుకే అలాంటి చోట్ల వారిని ఆహ్వానించాలి. దొరికిన తర్వాత మాత్రం ప్రభుత్వ సంస్థ అభివృద్ధి ఖర్చులో తన భాగం పెట్టి భాగస్వామిగా చేరాలి. రాజస్థాన్‌లో ఓఎన్‌జీసీకి అలా 30 శాతం వాటా వచ్చింది. దాని నిబంధనలు ఎంత అజాగ్రత్తగా రాశారంటే, 30 శాతం వాటాదారు మొత్తం ఉత్పత్తి మీద రాయల్టీ కట్టాల్సి వచ్చింది. కెయిర్న్‌ను వేదాంత కొన్న సమయంలో, 2011లో, ప్రభుత్వం పట్టుబట్టి ఆ భారాన్ని ఉమ్మడి ఖర్చుగా మార్పించింది. తప్పు సరిదిద్దుకున్నారు కాబట్టి పద్ధతి చెడ్డదనడానికి లేదు. పక్కన కూర్చున్న భాగస్వామికి బావి కొలతలు అందుతాయి, టెండర్ల ధరలు తెలుస్తాయి, ఏ ఖర్చు అసలుదో ఏది పెంచిందో పోల్చుకునే అనుభవం వస్తుంది. ఏళ్లు గడిచాక వచ్చే ఆడిటర్ కన్నా ఇది ఎంతో మెరుగు.

2016లో కేంద్రం ఒప్పందాల తీరు మార్చింది. ఆ కొత్త పద్ధతిలో కంపెనీ ఖర్చు ఎంతైనా ప్రభుత్వానికి ఆదాయంలో వాటా ఇవ్వాలి. రంగరాజన్ కమిటీ 2012లో సూచించినది ఇదే. ఖర్చు పెంచి చూపే ఆశను ఇది చాలావరకు తీసేసింది, అందుకు సంతోషించాలి. దీంతో ఇక ప్రభుత్వ సంస్థ అక్కర్లేదని కొందరి అభిప్రాయం. నాకు అలా అనిపించదు. ఎంత గ్యాస్ ఉందో, ఎంత వేగంగా తీస్తే క్షేత్రం దెబ్బతింటుందో, పక్క బ్లాకులోంచి ఏమైనా వస్తోందో ఆదాయపు లెక్కలో కనిపించవు. వేలంలో ఎంత వాటా అడగడం న్యాయమో తెలియాలన్నా అడిగేవాడికి భూగర్భం తెలియాలి. చమురు వాడకమే తగ్గించాల్సిన కాలంలో ఈ చర్చ ఎందుకనేవారూ ఉన్నారు. దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి అవుతున్నంతకాలం, ఇక్కడ తవ్వకపోతే మరోచోట తవ్వింది కొని తెచ్చుకుంటాం.

ఇక ప్రాణాల సంగతి. 1995 జనవరిలో కోనసీమలోని పాసర్లపూడి బావిలో బ్లో అవుట్ జరిగి, రెండు నెలలకు పైగా మంటలు ఆకాశాన్నంటాయి. అది ఓఎన్‌జీసీ బావి. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలి చనిపోయారు. ఆ పైపులైను గెయిల్‌ది, అదీ ప్రభుత్వ సంస్థే. ప్రైవేటు రికార్డు ఇంతకన్నా మెరుగని చెప్పడానికి లేదు. 2010లో మెక్సికో అఖాతంలో బీపీ బావి పేలి 11 మంది చనిపోయారు, 87 రోజులు చమురు సముద్రంలోకి కారింది. ఆ దుర్ఘటన తర్వాత అమెరికా చేసిన పని గమనించదగ్గది. తవ్వకాల నుంచి ఆదాయం వసూలు చేసే శాఖే భద్రతనూ చూస్తుండటం ప్రమాదకరమని గుర్తించి, ఆ శాఖను రద్దు చేసి పనులను విడగొట్టింది. నార్వే 2004లోనే భద్రతను వేరే సంస్థకు అప్పగించింది. మన దగ్గర బ్లాకులు వేలం వేసేదీ, ఒప్పందాలు అమలు చేసేదీ, ఉత్పత్తి పెంచాల్సిందీ, ఓఎన్‌జీసీకి యజమానీ పెట్రోలియం మంత్రిత్వశాఖే. 1993లో పుట్టిన హైడ్రోకార్బన్స్ డైరెక్టరేట్ జనరల్ ఆ శాఖ కింద పనిచేస్తుంది, దాని నిపుణుల్లో చాలామంది తాము పర్యవేక్షించాల్సిన ఓఎన్‌జీసీ వంటి సంస్థల నుంచే డెప్యుటేషన్ మీద వస్తారు. చమురు పరిశ్రమ భద్రతా విభాగమూ ఆ గొడుగు కిందిదే. రిలయన్స్‌తో వివాదంలో ప్రభుత్వ మాటకు బలం తగ్గడానికీ, జీఎస్‌పీసీ అంచనాను ఎవరూ సమయానికి ఆపకపోవడానికీ, నగరం గ్రామంలో పైపు తుప్పుపట్టేదాకా చూసే దిక్కు లేకపోవడానికీ ఒకే మూలం ఉందని నేను నమ్ముతాను: పర్యవేక్షించేవాడికి స్వతంత్రం లేదు.

కావలసిందల్లా పార్లమెంటు చేసే ఒక చట్టం. డైరెక్టరేట్ జనరల్‌ను మంత్రిత్వశాఖ నుంచి విడదీసి, సొంత నిధులు, సొంత ఉద్యోగులు ఇచ్చి, నేరుగా పార్లమెంటుకు జవాబుదారీ చేయాలి. నిల్వల అంచనా మారిన ప్రతిసారీ ఎందుకు మారిందో అది ప్రచురించాలి. ఓఎన్‌జీసీ లాభంలో ఎంత భాగం అన్వేషణకు వదిలిపెట్టాలో ముందే చట్టంలో రాస్తే, ఏ ఆర్థికమంత్రీ సంవత్సరాంతంలో ఆ సొమ్ము మీద చెయ్యి వేయలేడు. నేల మీది బావుల రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలోని గ్యాస్ మీద ఆంధ్రప్రదేశ్‌కు రాయల్టీ లేదు; అది ఒడ్డుకు చేరేది మాత్రం ఈ గ్రామాల మీదుగానే. కాబట్టి గాడిమొగ నుంచి ఓడలరేవు దాకా ఉన్న పంచాయతీలకు తమ కాళ్ల కింద ఏ పైపు ఉందో, దాని వయసెంతో, ఆఖరిసారి ఎప్పుడు పరీక్షించారో తెలుగులో రాసి ఇవ్వాలన్న నిబంధన కూడా ఆ చట్టంలోనే ఉండాలి. పైపు ప్రభుత్వానిదైనా, ప్రైవేటుదైనా.